కుక్కలకు తొడిగిన కోరలు

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం. డాలస్ నగరం శివార్లలో షూటింగ్ జరుగుతోంది. కెమెరాకు కాస్త ఎడంగా, పగ్గాలు పట్టుకున్న మనుషుల చేతుల్లో వేటకుక్కలు గింజుకుంటున్నాయి. కూన్‌హౌండ్ అంటారు వాటిని, రాత్రిళ్లు రకూన్ వేటకు వదిలే జాతి. ఒక్కోదాని వీపు మీద బొచ్చు గుడ్డలు కట్టారు. మూతికి పొడుగాటి కోరల ముసుగు తగిలించారు. దర్శకుడు సైగ చేయగానే పగ్గాలు వదిలేశారు.

షాట్ తీసిన తీరు ఇలాగే ఉండి ఉంటుంది. ఫలితం మాత్రం ఊహించనక్కర్లేదు, తెర మీదే ఉంది. కథలో అవి మనుషుల్ని పీక్కుతినే రాక్షస చుంచెలుకలు. ఆ సంగతి కుక్కలకు ఎవరూ చెప్పినట్టు లేదు. చంపడానికి కాదు, విసిరిన బంతి తేవడానికి వస్తున్నంత హుషారుగా గంతులేస్తూ వస్తాయి.

సినిమా పేరు ‘ది కిల్లర్ ష్రూస్’. విడుదల 1959లో. ఖర్చు సుమారు లక్షా పాతిక వేల డాలర్లని చెబుతారు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర డబ్బు. దీంతో పాటే ‘ది జైంట్ గిలా మాన్‌స్టర్’ అని ఇంకొకటి కూడా చుట్టేశారు. అందులో ఒక నిజమైన బల్లిని బొమ్మ కార్ల మధ్యా, బొమ్మ రైలు పక్కనా పాకించి బ్రహ్మాండమైన జంతువని నమ్మించబోయారు. పేరుకు గిలా బల్లే గానీ, నటించింది దాని దాయాది, మెక్సికో పూసల బల్లి. అంత చౌకలో తీశారన్నమాట.

ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి గార్డన్ మెక్‌లెండన్. ఈయన అసలు సినిమావాడు కాదు, రేడియోవాడు. డాలస్‌లో కేఎల్ఐఎఫ్ స్టేషన్ పెట్టాడు. ‘లిబర్టీ’ పేరుతో నెట్‌వర్క్ నడిపాడు. ఒక దశలో దాని కింద నాలుగు వందలకు పైగా స్టేషన్లుండేవి. ఆయనకు పేరు తెచ్చింది బేస్‌బాల్ వ్యాఖ్యానం. చిత్రమేమిటంటే చాలా మ్యాచ్‌లు ఆయన కళ్లతో చూసినవే కావు. ఎక్కడో జరుగుతున్న ఆట వివరాలు తంతి మీద ముక్కముక్కలుగా స్టూడియోకు వచ్చేవి. వాటిని ముందు పెట్టుకుని, వెనక జనం కేకల రికార్డు వేయించి, బ్యాటు బంతికి తగిలిన చప్పుడు కూడా పుట్టించి, మైదానంలో కూర్చుని చూస్తున్నట్టే చెప్పేవాడు. వినేవాళ్లకు ఆట కళ్లకు కట్టేది. 1952లో ఆ నెట్‌వర్క్ మూతపడింది గానీ ఆ విద్య ఎక్కడికి పోతుంది?

మెక్‌లెండన్ కుటుంబానికి సినిమా హాళ్లుండేవి. అది డ్రైవ్-ఇన్‌ల కాలం. కారులోంచి దిగకుండానే సినిమా చూడొచ్చు, స్పీకరు కిటికీ అద్దానికి తగిలించుకుంటే చాలు. దేశమంతటా అలాంటివి నాలుగు వేలకు పైనే ఉండేవి. ఒకే టికెట్టుకు రెండు బొమ్మలు ఆడించడం ఆనవాయితీ. హాళ్లున్నవాడికి బొమ్మలు కావాలి, అవి చవగ్గా రావాలి. హాలీవుడ్ దగ్గర కొనే బదులు ఇంట్లోనే వండుకుంటే పోలా అనుకున్నాడు. ముందు సీట్లలో కుర్ర జంటలు తెరను ఏపాటి చూస్తారో హాలు యజమానికి తెలియంది కాదు.

దర్శకుడిగా రే కెలాగ్‌ను పెట్టుకున్నాడు. ఆయన ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్‌లో స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన మనిషి. నిర్మాణం కెన్ కర్టిస్ చేతిలో పెట్టాడు. కర్టిస్ కౌబాయ్ పాటల గాయకుడు, మహాదర్శకుడు జాన్ ఫోర్డ్‌కు అల్లుడు. హీరో జేమ్స్ బెస్ట్. హీరోయిన్ 1956 మిస్ స్వీడన్ ఇంగ్రిడ్ గూడ్. శాస్త్రవేత్త వేషం బారూక్ లూమెట్‌ది. యిడ్డిష్ నాటకరంగంలో పండిన నటుడాయన. రెండేళ్ల కిందటే ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ తీసిన సిడ్నీ లూమెట్ ఈయన కొడుకే. కొడుకు ఆ సినిమాలో నటుడు హెన్రీ ఫాండాతో పనిచేస్తే, తండ్రి ముసుగేసిన కుక్కలతో పనిచేశాడు.

కథ ఇదీ. తుపాను ముంచుకొస్తుండగా కెప్టెన్ థార్న్ షెర్మన్ సరుకులతో ఒక దీవికి చేరతాడు. అక్కడ డాక్టర్ క్రెయిగిస్ పరిశోధన చేస్తుంటాడు. జనాభా పెరిగి తిండి చాలడం లేదు కాబట్టి మనుషుల్నే పొట్టిగా చేస్తే తక్కువ తింటారు కదా అన్నది ఆయన ఆలోచన. ప్రయోగానికి చుంచెలుకలు తెచ్చాడు. ఎందుకంటే చుంచెలుక ఆకలి మామూలుది కాదు. కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుంది. ఇది సినిమావాళ్లు కల్పించింది కాదు, నిజంగానే దాని బతుకు అంత. ప్రయోగం బెడిసికొట్టి అవి కుక్కలంత పెరిగాయి, బోనుల్లోంచి తప్పించుకున్నాయి. దీవి మీద తినదగ్గవన్నీ తినేశాయి. ఇక మిగిలింది ఇంట్లో ఉన్న మనుషులే.

మొదట చనిపోయేది షెర్మన్ దగ్గరి నల్లజాతి సహాయకుడు రూక్. అప్పటి హాలీవుడ్‌కు అది అలవాటు. ఆ వేషం వేసిన జడ్జ్ హెన్రీ డుప్రీకి చెట్టెక్కి, కొమ్మ విరిగి పడేంతవరకే పాత్ర.

ఆ తర్వాత నుంచి సినిమా రక్తి కడుతుంది. ఆ ఇల్లు మట్టిగోడల ఇల్లు. వాన పడి గోడలు నానుతున్నాయి. లోపల దీపం వెలుగులో మనుషులు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. బయట కిచకిచలు, రొద, గోడను గీకుతున్న చప్పుడు. పందికొక్కులు తోడిన మట్టిగోడను చూసినవాళ్లకు ఆ గీకుడు విని ఒళ్లు జలదరించకుండా ఉండదు. జంతువు మాత్రం కనబడదు. దగ్గరి షాట్లలో చేతికి తొడుక్కునే తోలుబొమ్మ తల ఒకటి గోడ బెజ్జంలోంచి పళ్లు ఇకిలిస్తుంది. అది కనిపించగానే భయం సగం చస్తుంది. కుక్కలు పరుగెత్తుకొచ్చేసరికి మిగతా సగం. రేడియోవాడి సినిమా ఇది. కళ్లు మూసుకుని చూస్తే, నా లెక్కన, ఆ ఏడాది వచ్చిన చాలా భయం సినిమాల కంటే మెరుగు.

మెక్‌లెండన్ తనకూ ఒక వేషం ఉంచుకున్నాడు. డాక్టర్ రాడ్‌ఫర్డ్ బెయిన్స్, మందపాటి కళ్లద్దాల పరిశోధకుడు. చుంచెలుకలకు పెట్టిన విషం వాటిని చంపకపోగా లాలాజలంలో చేరింది. కాలికి చిన్న గాటు పడినా చావే. ఆ గాటు బెయిన్స్‌కే పడుతుంది. అరవడు, పరుగెత్తడు. తిన్నగా వెళ్లి టైప్‌రైటర్ ముందు కూర్చుంటాడు. తన ఒంట్లో ఏం జరుగుతోందో ఒక్కో లక్షణమే టకటకా కొట్టుకుంటూ పోయి, ఆ మీటల మీదే వాలిపోతాడు. ఎవరో ఆడే ఆటను చూడకుండానే చూసినట్టు చెప్పి పేరు తెచ్చుకున్న వ్యాఖ్యాత, ఇక్కడ తన చావుకు తానే వ్యాఖ్యానం రాసుకున్నాడు. కావాలని చేశాడో లేదో గానీ, చిత్రమంతటిలో నటన అనదగ్గది అక్కడే ఉంది.

నిర్మాత కర్టిస్ కూడా తనను తాను వదల్లేదు. తాగుబోతు, పిరికివాడు జెర్రీ వేషం వేశాడు. చివరికి మిగిలినవాళ్లు ఖాళీ డ్రమ్ములను బోర్లించి ఒకదానికొకటి కట్టి, తలా ఒకదాని కింద దూరి, గొంతుక్కూర్చుని అడుగులో అడుగేసుకుంటూ సముద్రం వైపు కదులుతారు. జెర్రీ రానంటాడు, కప్పు మీద ఉండిపోతాడు, తర్వాత ఒంటరిగా పరుగెత్తి బలైపోతాడు. డ్రమ్ము లోపల చీకటి, చిన్న చీలికలోంచి వెలుగు, రేకు మీద గోళ్ల గీకుడు, అంచు కిందికి చొరబడే మూతులు. చౌకబారు సినిమాలో ఇంత మంచి ఉపాయం ఎవరికి తట్టిందో! డ్రమ్ములకైన ఖర్చెంత?

నీళ్లలోకి దిగి పడవెక్కాక డాక్టరు మళ్లీ జనాభా సిద్ధాంతం ఎత్తుకుంటాడు. దీవిలోని చుంచెలుకలు ఒకదాన్నొకటి తినేసి చివరికి ఒక్కటి మిగిలి అదీ ఆకలితో చస్తుందంటాడు. హీరో హీరోయిన్‌ను దగ్గరికి తీసుకుని, జనాభా పెరుగుదల గురించి తనకు ఇప్పుడప్పుడే దిగులు లేదంటాడు. డ్రైవ్-ఇన్‌లో కార్ల నిండా కూర్చున్న జంటలకు ఇంతకంటే నచ్చే ముగింపు ఉండదు. చెప్పాను కదా, యజమానికి తన గిరాకీ ఎవరో తెలుసు.

కెలాగ్ తర్వాత 1968లో జాన్ వేన్‌తో కలిసి ‘ది గ్రీన్ బెరేస్’కు దర్శకత్వం వహించాడు. కర్టిస్ ‘గన్‌స్మోక్’ టీవీ సీరియల్‌లో ఫెస్టస్‌గా ఇంటింటికీ తెలిసిపోయాడు. బెస్ట్ ‘ది డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’లో షెరిఫ్ రాస్కో అయ్యాడు. సినిమా మాత్రం హక్కులు లేక ఊరుమ్మడి సొమ్మయింది, ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు. 1992లో ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ అనే టీవీ కార్యక్రమం దీన్నీ, బల్లి సినిమానీ తెచ్చి ఆసాంతం వెక్కిరించింది. ఆ వెక్కిరింతతో కొత్త తరం ప్రేక్షకులు తగులుకున్నారు. ఎంతగా అంటే, 2012లో ‘రిటర్న్ ఆఫ్ ది కిల్లర్ ష్రూస్’ వచ్చింది. ఎనభై దాటిన జేమ్స్ బెస్ట్ మళ్లీ కెప్టెన్ షెర్మన్‌గా అదే దీవికి పడవ కట్టాడు.