డచ్చి సమాసాలు: అతుకులో దాగిన చరిత్ర

దీర్ఘసమాసాన్ని చూడగానే బెదిరిపోవడం పండితులు మనకు చేసిన అలవాటు. డచ్చి భాష చదవడం మొదలుపెట్టినప్పుడు నేనూ అలాగే బెదిరాను. నెదర్లాండ్స్‌లో 1966లో చేసిన ఒక చట్టం పేరులో "ఆర్బైట్స్‌ఒన్‌ఖెస్ఖిక్ట్‌హైట్స్‌వెర్జేకెరింగ్" అనే మాట ఉంది. వారి లిపిలో 33 వర్ణాలు. పలికితే 10 అక్షరాలు. విడదీస్తే మూడే ముక్కలు: పని, అశక్తత, బీమా. జబ్బుపడి పని చేయలేని కార్మికుడికి దక్కవలసిన రక్షణ అది. తన హక్కు పేరును తానే చదువుకోగలడా అన్నది ఒట్టి వ్యాకరణ ప్రశ్న కాదు.

చదువుకోగలడు. ఆ సమాసంలో చివరి పదమే ప్రధానం. ముందువి దాన్ని విశేషిస్తాయి. మన తత్పురుషం నడకే అది. పంక్తి చివర మాటను విరవవలసి వస్తే పదాల అతుకును గౌరవించాలి. ఒక్కొక్క పదం లోపల మాత్రమే ఉచ్చారణను బట్టి అక్షరాలు విడదీయాలి. అతుకులో వచ్చే "స్" ముందు పదానికే చెందుతుంది. అతుకు తప్పితే అర్థమే తప్పుతుంది. "క్వార్ట్‌స్లాగెన్" అనే మాటను "క్వార్ట్-స్లాగెన్" అని విరిస్తే పావు మలుపులు. "క్వార్ట్స్-లాగెన్" అని విరిస్తే క్వార్ట్జ్ రాతి పొరలు. వ్రాత మాత్రం ఒక్కటే.

ఈ అతుకుల్లో చాలావాటికి మూలం పాత విభక్తి ప్రత్యయాలు. జనం నోట విభక్తులు అరిగిపోయినా సమాసాల్లో వాటి గుర్తులు మిగిలాయి. దె వ్రీస్, తె వింకెల్ 1863లో రూపొందించిన వర్ణక్రమమైతే నోట లేని ప్రత్యయాలను సమాసాల వెలుపల కూడా వ్రాతలో నిలబెట్టింది. పలకనిదాన్ని పిల్లలచేత ఎందుకు వ్రాయించాలని 1891లో కొల్లెవైన్ ఎదురు తిరిగాడు. ఆ వాదంలో ప్రధానాంశాలు చట్టానికి ఎక్కేసరికి బెల్జియంలో 1946, నెదర్లాండ్స్‌లో 1947 వచ్చాయి. గిడుగు రామమూర్తి పోరాటం ఎరిగిన మనకు ఈ కథ కొత్త కాదు.

అయినా తగవు తీరలేదు. 1954 నాటి పదపట్టిక ప్రకారం అట్టుకు "పన్నెకూక్" అని వ్రాయాలి. పెనం ఒక్కటే కనుక బహువచనపు "న్" అక్కర లేదు. అర్థాన్ని లెక్కపెట్టే ఆ పద్ధతి తికమక పెడుతున్నదని 1995లో పదం బహువచన రూపాన్ని ఆధారం చేసుకున్నారు. అట్టు "పన్నెన్‌కూక్" అయింది. అప్పుడు మినహాయించిన "పార్దెబ్లూమ్" అనే పువ్వు పేరుకు 2005లో "న్" తగిలించారు. 2006లో కొన్ని పత్రికలు అధికారిక వర్ణక్రమాన్ని కాదని వేరే పద్ధతి పట్టాయి.

"స్" వ్రాయాలా వద్దా అన్నది డచ్చివారు చెవికి వదిలారు: వినబడితే వ్రాయి. చాలామంది నోట వినబడని "న్"ను మాత్రం సంఘాలు నిర్ణయించాయి. నేను గ్రహించింది ఇంతే: సామాన్యుడికి బరువు మాట పొడవు కాదు, వినబడని అక్షరం. పొడవైన మాటను అతుకు దగ్గర అతడే విడదీసుకుంటాడు. వినబడనిదాన్ని బడికి పోతే తప్ప నేర్చుకోలేడు.