మన ఇరుగున మ్రోగిన రహస్య రేడియో

మన పెద్దలు తెలంగాణము నుండి కూలికి వచ్చి నిలిచిన కామాఠిపురమునకు సమీపముననే 1942లో ఒక రహస్య రేడియో పలికినదని మన పిల్లలలో ఎందరెరుగుదురు? ఆగస్టు 8న గోవాలియా ట్యాంకు మైదానమున 'క్విట్ ఇండియా' తీర్మానము జరిగెను. మరునాడే నాయకులు నిర్బంధింపబడిరి. పత్రికల నోళ్లు మూతపడినవి. సర్కారు కప్పిపుచ్చిన చిమూరు, ఆష్టీ అత్యాచారములను 22 ఏండ్ల ఉషా మెహతా, ఆమె సహచరులు 42.34 మీటర్లపై దేశమునకు వినిపించిరి. పోలీసులకు చిక్కకుండ ఇండ్లు మార్చుచు నవంబరు వరకు సాగించిరి. తుదకు నవంబరు 12న, యంత్రము కూర్చిన నిపుణుడే చోటు చూపగా పట్టుబడిరి. ఎంత ప్రశ్నించినను ఆమె నోరు విప్పలేదు. నాలుగేండ్ల కారాగార శిక్ష పొందినది.

2024లో వచ్చిన 'ఏ వతన్ మేరే వతన్' చిత్రమునకు ఈ చరిత్రయే ఆధారము. వేగు పట్టియిచ్చినది పెట్టెను మాత్రమే. దొరతనము దాచదలచిన సత్యము అప్పటికే ఇల్లిల్లు చేరినది. ఈ మాట మన చాళ్లలోని పిల్లలకు చెప్పవలెనని మా మనవి.