ఆర్ఆర్ఆర్ వదిలేసిన అడవి: రామరాజు, భీం అసలు దేనికోసం పోరాడారు?

ఈ ఎపిసోడ్‌లో ఒక సినిమా, రెండు గేమ్స్, మన రెండు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న ఒక రాజకీయ గొడవ గురించి మాట్లాడుకుందాం. మూడింటికీ ఏం సంబంధం అంటారా? అడవి. మూడింట్లోనూ అడవి ఉంది, కానీ అందులో బతికే మనుషులు మాత్రం పక్కకు జరిగిపోయారు. ఎలాగో చూద్దాం.

ముందు సినిమా. ఆర్ఆర్ఆర్ 2022 మార్చి 25న వచ్చింది. మరుసటి ఏడాది నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ సినిమా పుణ్యమా అని అల్లూరి సీతారామరాజు పేరు, కొమురం భీం పేరు జపాన్‌లో ఉన్నవాళ్లకు కూడా తెలిసింది. అది చిన్న విషయం కాదు. సినిమా నాకు నచ్చింది కూడా. ఇది కల్పిత కథ అని వాళ్లు ముందే చెప్పారు కాబట్టి, చరిత్ర ప్రకారం తీయలేదు అని తిట్టడం నా ఉద్దేశం కాదు.

తేడాలు మాత్రం తెలుసుకోవాలి. ఈ ఇద్దరూ కలుసుకున్నారనడానికి చరిత్రలో ఆధారం లేదు. రామరాజు 1924లో చనిపోయారు. భీం 1940లో చనిపోయారు. మధ్యలో పదహారేళ్లు. రామరాజు పోరాడింది బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో. భీం పోరాడింది నిజాం ప్రభుత్వంతో. సినిమాలో ఇద్దరికీ ఒకే శత్రువు కావాలి, అందుకని బ్రిటిష్ గవర్నర్‌ని పెట్టారు. సరే, కథకు అది అవసరం.

నా బాధ వేరే. మూడు గంటల సినిమా చూసి బయటికి వచ్చిన ఒక కుర్రాడిని పట్టుకుని "వీళ్లిద్దరూ దేనికోసం పోరాడారు?" అని అడగండి. భీం ఒక పాపని తీసుకెళ్లడానికి ఢిల్లీ వచ్చాడు, రామ్ తుపాకుల కోసం వచ్చాడు అంటాడు. సినిమా వరకు అది కరెక్టే. నిజం జవాబు ఇంకా చిన్నది. అడవి, భూమి, పన్ను. అంతే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1882లో మద్రాసు ఫారెస్ట్ యాక్ట్ వచ్చింది. ప్రభుత్వం ఏ అడవిని అయినా రిజర్వ్ అని ప్రకటించి, అందులోకి ఎవరు రావాలి, ఏం కొయ్యాలి, పశువుల్ని ఎక్కడ మేపాలి అన్నీ తనే నిర్ణయించే చట్టం అది. అప్పట్లో దేశమంతా రైలు పట్టాలు వేస్తున్నారు. పట్టాల కింద వేసే స్లీపర్లకు గట్టి కలప కావాలి. కాబట్టి అడవి అంటే సర్కారుకు ఒక కలప గోదాం.

మరి మన్యంలో ఉన్నవాళ్లకు అడవి అంటే ఏంటి? పోడు. కొండవాలులో కొంత ముక్క ఎంచుకుని, తుప్పలు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో గింజలు చల్లుతారు. రెండు మూడేళ్లు పంట తీసుకుని ఆ ముక్కను వదిలేసి ఇంకో చోటికి పోతారు. వదిలేసిన చోట మళ్లీ అడవి పెరుగుతుంది. ఇది తాతల నాటి పద్ధతి. రిజర్వ్ గీత గీయగానే ఈ పని నేరం అయిపోయింది. నిన్నటిదాకా రైతు, ఇవాళ దొంగ.

ఇంకో విషయం. మన్యంలో తిరుగుబాటు రామరాజుతో మొదలవ్వలేదు. 1879లోనే రంపలో పెద్ద పితూరి జరిగింది. పితూరి అంటే తిరుగుబాటు. కల్లు గీసుకోవడం మీద వేసిన పన్ను దానికి ఒక ముఖ్య కారణం. అంటే ప్రెసిడెన్సీ ఫారెస్ట్ చట్టం రాకముందే, ఇంటి ముందున్న జీలుగు చెట్టు మీద సర్కారు చెయ్యి పడింది.

1922కి వద్దాం. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దార్ ఉండేవాడు. కొండల్లో రోడ్డు పనికి గిరిజనుల్ని తోలేవాడు, కూలీ సరిగా ఇచ్చేవాడు కాదు. అతని వల్ల నష్టపోయినవాళ్లలో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఉన్నారు. వీళ్లు రామరాజుకు కుడి ఎడమ భుజాల్లాంటి వాళ్లు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు. ఆ తర్వాత సుమారు రెండేళ్లు ప్రభుత్వానికి నిద్ర లేదు. మలబార్ నుంచి స్పెషల్ పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపాల్సి వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రామరాజును కాల్చి చంపారు. కొద్ది వారాలకే గంటందొర కూడా చనిపోయారు.

ఇక్కడ చాలామందికి తెలియని మాట ఒకటి చెప్తాను. మల్లుదొర పట్టుబడ్డారు, ఆయన్ని అండమాన్ పంపారు. బతికి తిరిగి వచ్చారు. స్వతంత్రం వచ్చాక 1952లో తొలి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి ఎంపీ అయ్యారు. కొండ మీద తుపాకీ పట్టిన మనిషి, పార్లమెంటులో కూర్చున్నాడు! ఇంతకంటే మంచి ఇంటర్వెల్ సీన్ ఎవరైనా రాయగలరా? 1974లో కృష్ణ గారి అల్లూరి సీతారామరాజు వచ్చింది, 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. మల్లుదొర పేరు పెట్టి ఒక పెద్ద సినిమా మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు. అక్కడ గోండులు, కోలాములు అడవి నరికి సాగు చేసుకున్న భూములు ఉన్నాయి. వాళ్ల దగ్గర కాగితం లేదు. నిజాం ప్రభుత్వం కూడా అడవుల్ని రిజర్వ్ చేసింది, పశువులు మేపితే పన్ను అంది. మైదానం నుంచి వచ్చినవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి పట్టాలు రాయించుకున్నారు. గోండులు తమ చేలోనే పరాయివాళ్లు అయ్యారు. కొమురం భీం అడిగింది ఏంటి? పన్నెండు ఊళ్ల మీద, అక్కడి భూమి మీద, అడవి మీద మా పెత్తనం మాకు ఉండాలి అని. జల్, జంగల్, జమీన్ అనే నినాదం ఆయన పేరుతోనే మనకు గుర్తుంది. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసులు ఆయన్ని, ఆయన అనుచరుల్ని కాల్చి చంపారు. ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి చేస్తారు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. గోండులు ఎందుకు తిరగబడ్డారో అర్థం చేసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఒక మానవ శాస్త్రవేత్త సాయం తీసుకుంది. పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఆస్ట్రియా దేశస్థుడు. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయి అనే గోండు ఊళ్లో ఉన్నారు. ఆయన చెప్పింది కూడా భూమి గురించే. ఆయన సలహాలతో గోండి పిల్లలకు బడి వచ్చింది, వేల గిరిజన కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. అంటే భీం బతికుండగా అడిగిన దాంట్లో కొంత, ఆయన్ని చంపాక అదే ప్రభుత్వం ఇచ్చింది. అడిగింది న్యాయమే అని ఇంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి?

ఇక గేమ్స్. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్లకు తెలుసు. స్క్రీన్ పైన నాలుగు అంకెలు ఉంటాయి. తిండి, కలప, బంగారం, రాయి. విలేజర్‌ని చెట్టు మీద క్లిక్ చేస్తే టక్ టక్ మని కొడతాడు, కలప అంకె పెరుగుతుంది. చెట్టు అయిపోతే పక్క చెట్టు. ఈ అడవి ఎవరిది అని ఎవరూ అడగరు, ఎందుకంటే అందులో ఎవరూ ఉండరు. సివిలైజేషన్ సిక్స్ ఫోన్‌లో కూడా ఉంది. అందులో అడవి నరికితే ప్రొడక్షన్ పాయింట్స్ వస్తాయి. సిటీ లేని గుంపులు అక్కడక్కడా క్యాంపు వేసుకుని ఉంటాయి. వాటి పేరు బార్బేరియన్స్, అంటే అనాగరికులు. ఆ క్యాంపు లేపేస్తే మీకు బంగారం బహుమతి.

గేమ్ ఆడొద్దు అని నేను అనట్లేదు. హాయిగా ఆడండి. కానీ ఒక్కటి గమనించండి. ఆ గేమ్‌లో మీరు కూర్చున్న కుర్చీ ఎవరిది? పైనుంచి మ్యాప్ చూస్తూ, ఎక్కడ ఎంత కలప ఉందో లెక్క వేసుకునే కుర్చీ అది. 1882లో మద్రాసులో కూర్చున్న ఆఫీసర్ కుర్చీ కూడా అదే. అతని లెడ్జర్‌లో కూడా కలప ఉంది, పోడు రైతు లేడు. అడ్డం వచ్చినవాడికి ఒక పేరు పెట్టి, తలకు ఒక వెల కట్టారు. రామరాజు మీద కూడా బహుమతి ప్రకటించారు కదా! మంచి సంగతి ఏంటంటే 2025లో వచ్చిన సివిలైజేషన్ సెవెన్‌లో బార్బేరియన్స్‌ని తీసేసి ఇండిపెండెంట్ పవర్స్ అని పెట్టారు. వాళ్లతో స్నేహం కూడా చేయొచ్చు. గేమ్ కంపెనీకే తట్టింది.

మరి మన రాజకీయాలకు తట్టిందా? చూద్దాం. 2020 అక్టోబర్‌లో ఆర్ఆర్ఆర్ టీజర్ వచ్చినప్పుడు భీం తల మీద టోపీ ఉందని పెద్ద గొడవ అయింది. నాయకులు వార్నింగులు ఇచ్చారు, టీవీల్లో డిబేట్లు నడిచాయి. టోపీ గురించి అన్ని గంటలు మాట్లాడిన వాళ్లు, జోడేఘాట్ చుట్టుపక్కల ఎంతమందికి పట్టా ఉంది అనే దాని మీద ఒక్క గంట మాట్లాడి ఉంటే బాగుండేది. 2016లో కొమురం భీం పేరుతో జిల్లా వచ్చింది. 2022 ఏప్రిల్ 4న, అంటే సరిగ్గా సినిమా వచ్చిన పది రోజులకు, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. అదే ఏడాది జూలై 4న భీమవరంలో ప్రధాని 30 అడుగుల అల్లూరి విగ్రహాన్ని ఆవిష్కరించారు. పేర్లు పెట్టడం మంచిదే. నేను కాదనను.

కానీ కొమురం భీం పేరున్న జిల్లాలోనే 2019 జూన్‌లో ఏం జరిగిందో వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. మొక్కలు నాటడానికి వెళ్లిన మహిళా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ని ట్రాక్టర్ మీద ఉండగానే కర్రలతో కొట్టారు. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజ్ ఆఫీసర్‌ని చంపేశారు. అది కూడా పోడు గొడవే. డ్యూటీ చేస్తున్న మనిషిని కొట్టడం, చంపడం ఏ లెక్కన చూసినా తప్పు. అయితే ఆ ఆఫీసర్, ఆ రైతు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడాల్సిన పరిస్థితి ఎవరు తెచ్చారు? లెక్క తేల్చకుండా ఏళ్ల తరబడి నాన్చినవాళ్లు.

చట్టం లేదా అంటే ఉంది. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజనులకు హక్కు ఇవ్వాలి. ఎవరు అర్హులో తేల్చే పని గ్రామసభలో మొదలవ్వాలి. అడవిని కాపాడే హక్కు కూడా ఊరికే ఇస్తుంది ఆ చట్టం. తెలంగాణలో 2023 జూన్‌లో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టారు. ఎక్కడ మొదలుపెట్టారు? ఆసిఫాబాద్‌లోనే. ఎప్పుడు? అసెంబ్లీ ఎన్నికలకు ఐదు నెలల ముందు. వచ్చినవాళ్లకు మేలు జరిగింది, సంతోషం. కానీ 2006 చట్టం ఎన్నికల క్యాలెండర్ చూసి కదలడం ఏంటండీ?

"అడవి మొత్తం పట్టాలు చేసేస్తే పులి ఎక్కడికి పోతుంది, వాన ఎక్కడి నుంచి వస్తుంది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పోడు పేరు చెప్పి కొత్తగా అడవి నరికేవాళ్లు, గిరిజనుల పేరు మీద వ్యాపారం చేసేవాళ్లు ఉన్నారు. అందుకే ఆ తేదీ పెట్టారు, అందుకే గ్రామసభ పెట్టారు. ఏ చెలక ఎన్నేళ్ల నుంచి ఎవరిదో ఊళ్లో ముసలివాళ్లకు తెలుసు. నా అభిప్రాయం సింపుల్. కర్రతో, ట్రాక్టర్‌తో తేల్చే పనిని గ్రామసభలో కాగితం మీద తేల్చండి. ఎవరికి ఇవ్వకూడదో వాళ్లకు ఎందుకు ఇవ్వట్లేదో కూడా రాసి ఇవ్వండి.

జూలై 4న రామరాజు విగ్రహానికి, ఆశ్వయుజ పౌర్ణమికి భీం విగ్రహానికి దండలు వేస్తూ మీ నాయకులు ఫోటోలు పెడతారు. ఆ ఫోటో కనిపించినప్పుడు ఒక ప్రశ్న అడగండి. మన మండలంలో అటవీ హక్కుల దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి? ఏ పార్టీ అయినా సరే, ఇదే ప్రశ్న. ఆ నంబర్ చెప్పగలిగిన నాయకుడికి దండ వేసే అర్హత ఉంది అని నేను ఒప్పుకుంటాను.