ఎల్మైరాలో తలుపులు తట్టిన ఇద్దరు

కుర్రాళ్ళు తప్పు చేస్తే వాళ్ళని కోర్టు, జైలు వైపు పోనీకుండా పక్కదారి పట్టించడాన్ని డైవర్షన్ అంటున్నారు. దాని చరిత్ర గురించి ఎక్కడ చదివినా ముందు ఎల్మైరా కథే చెబుతారు. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో చిన్న ఊరు అది.

1974 మే 28 రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు పీకల దాకా తాగి, ఊళ్ళో 22 చోట్ల కార్ల టైర్లు కోసి, కిటికీలు పగలగొట్టి నానా బీభత్సం చేశారు. దొరికాక నేరం ఒప్పేసుకున్నారు. వాళ్ళ కేసు చూస్తున్న ప్రొబేషన్ ఆఫీసర్ మార్క్ యాంట్జీకి ఒక ఆలోచన వచ్చింది: వీళ్ళు నష్టపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఎదురుగా నిలబడి మాట్లాడితే? జడ్జి మెకానెల్ ముందు కుదరదన్నాడు. చట్టంలో అలాంటిదేమీ లేదు మరి. తర్వాత ఏమనుకున్నాడో, శిక్ష వాయిదా వేసి, వెళ్ళి రమ్మన్నాడు.

వెళ్ళారు. యాంట్జీ, అతని మిత్రుడు డేవ్ వర్త్ నోటుపుస్తకాలు పట్టుకుని వెనక నిలబడితే, కుర్రాళ్ళే తలుపులు తట్టారు. ఎవరికెంత నష్టమో అడిగి రాసుకున్నారు. కొన్ని నెలల్లో మళ్ళీ అవే గుమ్మాలకి డబ్బుతో వెళ్ళారు. నాకు జైలు కన్నా ఇదే కష్టమనిపిస్తుంది.

అయితే ఈ కథని అద్భుతంలా చెప్పేవాళ్ళు ఒక సంగతి దాటేస్తారు. ఆ ఇద్దరికీ శిక్ష పడింది: జరిమానా, ప్రొబేషన్. 18, 19 ఏళ్ళవాళ్ళు, అక్కడి చట్టం లెక్కలో పెద్దవాళ్ళే. అంటే కోర్టు తప్పలేదు, జైలు మాత్రమే తప్పింది. అదీ ఒక జడ్జి మనసు మార్చుకోబట్టి. కోర్టు బయటి మార్గాలు దేశమంతటికీ చట్టంలోకి ఎక్కేసరికి 1984 వచ్చింది. కేసు పెట్టేముందు హెచ్చరికతో సరిపోతుందేమో చూడమని పోలీసులకి చెప్పిన చట్టం 2003లో అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత జైలుకెళ్ళే పిల్లలు బాగా తగ్గారు. జైళ్ళలో ఆదివాసీ పిల్లల వాటా మాత్రం వాళ్ళ జనాభాకి మించే ఉండిపోయింది. తలుపు తట్టే అవకాశం అందరికీ ఒకేలా రాలేదన్నమాట.

మన 2015 బాలల న్యాయ చట్టంలో డైవర్షన్ ఒక మూల సూత్రం. 2016 నమూనా నియమాలైతే ఇంకా ముందుకెళ్ళాయి: ఘోర నేరమైతేనో, పెద్దవాళ్ళతో కలిసి చేస్తేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ వద్దు, డైరీలో రాసుకుంటే చాలన్నాయి. యాంట్జీలా జడ్జిని బతిమాలే పని లేదు. స్టేషన్లో ఆ పూట కూర్చున్న మనిషి ఏ పుస్తకం తెరుస్తాడన్న దగ్గరే తేలిపోతుంది.