ట్రామ్‌వే నుంచి మెట్రోకు: పట్టణ రైలు నిర్మాణ చట్టాలు – హైదరాబాద్ అనుభవం

1. ఉపోద్ఘాతం:

నగరంలో రైలు మార్గం వేయాలంటే ముందు నేల కావాలి. ఆ నేలను సేకరించే అధికారం చట్టం నుంచి రావాలి. భారతదేశంలో ఆ చట్టం చేసే అధికారం ఎవరిదన్నది ఒక పదంపై ఆధారపడి ఉంది. నిర్మించేది ‘రైల్వే’ అయితే అధికారం కేంద్రానిది. ‘మునిసిపల్ ట్రామ్‌వే’ అయితే రాష్ట్రానిది. హైదరాబాద్ మెట్రో ఈ రెండు పేర్ల పరిధిలోకీ వచ్చింది. ఆ మార్పు ప్రయాణికుల, ఆస్తిదారుల హక్కులకు సంబంధించి ఏ ప్రశ్నలు లేవనెత్తిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రాజ్యాంగంలో ట్రామ్‌వే:

1886 నాటి భారతీయ ట్రామ్‌వేల చట్టం ట్రాము మార్గాలకు అనుమతినిచ్చే అధికారాన్ని స్థానిక ప్రభుత్వాలకు అప్పగించింది. మద్రాసులో 1895లో విద్యుత్ ట్రాములు మొదలయ్యాయి. ఈ విభజనను రాజ్యాంగమూ కొనసాగించింది. ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 22వ అంశంలో రైల్వేలు, రాష్ట్ర జాబితా 13వ అంశంలో మునిసిపల్ ట్రామ్‌వేలు చోటుచేసుకున్నాయి. పూర్తిగా పురపాలక ప్రాంతంలోనే ఉండే ట్రామ్‌వే ‘రైల్వే’ కాదని 366(20) అధికరణం చెబుతుంది. అయితే ట్రామ్‌వే అంటే ఏమిటో అది నిర్వచించలేదు.

3. కలకత్తా కోసం వచ్చిన చట్టం:

కలకత్తా మెట్రోకు 1972లో శంకుస్థాపన జరిగింది. మెట్రో రైల్వేల (నిర్మాణ పనుల) చట్టం మాత్రం 1978లో వచ్చింది. అంటే పని ముందు, చట్టం తరువాత. తొలి రైలు 1984లో నడిచింది. భూమిని, భవనాన్ని, వీధినే కాక వాటిపై వినియోగ హక్కును కూడా సేకరించే అధికారాన్ని ఈ చట్టం కేంద్రానికిచ్చింది. ఆస్తిపై హక్కున్నవారు 21 రోజులలోగా అభ్యంతరం తెలిపే వీలు కల్పించింది.

4. హైదరాబాద్: రెండు చట్టాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాత పదాన్నే ఆశ్రయించి, 2008లో మునిసిపల్ ట్రామ్‌వేల చట్టం చేసింది. నేలకు ఎత్తున, స్తంభాలపై సాగే మార్గానికి వీధి ట్రాము పేరు చట్టబద్ధతనిచ్చింది. 2009లో పార్లమెంటు మెట్రో చట్టాలను సవరించి, రాష్ట్ర ప్రభుత్వంతో సంప్రదించి ఏ మహానగరానికైనా వర్తింపజేసే వీలు కల్పించింది. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీ సంస్థతో ఒప్పందం కుదిరింది. 2012లో హైదరాబాద్ కేంద్ర చట్టాల పరిధిలోకి వచ్చింది.

ట్రామ్‌వే చట్టమే కొనసాగి ఉంటే ఛార్జీల నియమాలను శాసనసభే మార్చగలిగేది. కేంద్రం 2002లో చేసిన నిర్వహణ చట్టం ప్రకారం తొలి ఛార్జీలను మెట్రో యాజమాన్యమే నిర్ణయిస్తుంది. తరువాతి మార్పులను హైకోర్టు న్యాయమూర్తి లేదా మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పడే సంఘం సిఫార్సు చేస్తుంది. ఆ సిఫార్సులకు యాజమాన్యం కట్టుబడాలి. 2017 నవంబరు 29న సేవలు మొదలైనప్పుడు ఛార్జీలు రూ.10 నుంచి రూ.60 వరకు ఉన్నాయి.

5. పరిహారం, ప్రమేయం:

2013 భూసేకరణ చట్టం నాలుగవ షెడ్యూలు 13 చట్టాలను తన పరిధి నుంచి మినహాయించింది. వాటిలో 1886 ట్రామ్‌వేల చట్టం, 1978 మెట్రో చట్టం రెండూ ఉన్నాయి. 2015 నాటి కేంద్ర ఉత్తర్వు పరిహారం, పునరావాసం నిబంధనలను వీటికీ వర్తింపజేసింది. సామాజిక ప్రభావ అంచనాను మాత్రం చేర్చలేదు. కాబట్టి ఈ చట్టాల కింద జరిగే సేకరణలో పరిహారం పెరిగినా, ప్రాజెక్టు మంచిచెడ్డలపై బహిరంగ విచారణలో మాట్లాడే అవకాశం ప్రభావిత ప్రజలకు దక్కలేదు.

ఒక ఆస్తిపై అభ్యంతరం చెప్పడం వేరు. మార్గమే ఎటు పోవాలో చెప్పడం వేరు. సుల్తాన్ బజార్ వర్తకులు కోరింది రెండవది. మార్గం మార్చాలని వారు ఆందోళన చేశారు. చివరకు మార్గం ఆ బజారు మీదుగానే సాగింది.

6. ముగింపు:

ట్రామ్‌వే, మెట్రో అనే పేర్ల వెనుక ఉన్నది అధికార విభజన. పేరు మారడంతో ఛార్జీలపై నిర్ణయం శాసనసభ పరిధి దాటింది. మార్గ నిర్ణయంలో ప్రజల ప్రమేయం మాత్రం ఏ పేరు కిందా స్థిరపడలేదు. విశాఖపట్నంలోను, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతంలోను మెట్రో సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టం పేర్కొంది. ఆ నగరాల విషయంలో పరిహారం ఎంత అన్న ప్రశ్నతో పాటు, మార్గం ఖరారు కాకముందే అక్కడి ప్రజల మాట ఏ చట్టం కింద వింటారన్న ప్రశ్నకూ సమాధానం అవసరం.