ఆర్గాన్ తిత్తులతో విమానం

ఇంట్లో ఓ గది ఖాళీ చేసి చెక్కలతో, పాత స్విచ్చులతో విమానం కాక్‌పిట్ కట్టుకునేవాళ్లని చూస్తే "ఇదేం పిచ్చి!" అనిపిస్తుంది కదూ. ఈ పిచ్చి చాలా పాతది.

అమెరికాలో బింగ్‌హామ్టన్ అనే ఊళ్లో ఎడ్విన్ లింక్ వాళ్ల నాన్నకి పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. కొడుక్కేమో విమానాల మోజు. నేర్చుకోవాలంటే బోలెడు ఖర్చు. 1927 నుంచి ఏడాదిన్నర పాటు ఫ్యాక్టరీ కింది గదిలో తంటాలు పడి, పొట్టి రెక్కల చెక్క విమానం ఒకటి చేశాడు. దాని కింద పెట్టింది ఆర్గాన్ తిత్తులే! స్టిక్ కదిపితే తిత్తుల్లో గాలి నిండుతూ, తగ్గుతూ అది పక్కకి ఒరిగేది, ముక్కు పైకెత్తేది. హార్మోనియం వాయించేవాళ్లకి ఇది చటుక్కున అర్థమవుతుంది.

మొదట్లో ఎక్కువగా కొన్నది వినోదాల పార్కులవాళ్లు. ఆటబొమ్మ కిందే లెక్క.

1934లో టపా విమానాలు నడిపే పని అమెరికా సైన్యం మీద పడింది. మంచులో, చీకట్లో దారి తెలియక కొన్ని వారాల్లోనే డజను మంది దాకా పైలట్లు పోయారు. అప్పుడు గుర్తొచ్చింది ఆ బొమ్మ. మూత వేసేస్తే బయటేమీ కనపడదు, ఎదురుగా ఉన్న మీటర్లే దిక్కు. పొరపాటు చేసినా ప్రాణం పోదు. ఒక్కోటి 3,500 డాలర్లు పెట్టి ఆరు కొన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది కుర్రాళ్లు ఆ నీలం పెట్టెలో కూర్చునే నేర్చుకున్నారు.