విజయనగర పతనం – పల్నాటి దుర్గాలు

క్రీ.శ. 1565 జనవరి 23న కృష్ణా తీరంలో, రక్కసి, తంగడి గ్రామాల సమీపాన, విజయనగర సైన్యం దక్కను సుల్తానుల చేతిలో ఓడిపోయింది. తళ్ళికోట యుద్ధమని ప్రసిద్ధికెక్కింది ఇదే. సేనలను నడిపిన అళియ రామరాయలు ఆనాడే వధింపబడ్డాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు మాత్రమే చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకుని, ధనరాశులతో పెనుకొండకు తరలిపోయాడు. కాపాడే దిక్కులేని రాజధాని నెలల తరబడి దోపిడీకి గురయింది. 1567లో అక్కడికి వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, ఇళ్ళు నిలిచే ఉన్నా వాటిలో మనుషులు లేరని వ్రాశాడు.

ఈ యుద్ధాన్ని ఇస్లాంకూ హిందూమతానికీ జరిగిన పోరాటంగా చెప్పడం ఆనవాయితీ అయింది. ఆ మాట చెప్పి కొందరు గర్విస్తారు. అదే మాట చెప్పి మరికొందరు ద్వేషం పెంచుకుంటారు. ఈ అభిప్రాయానికి ఆధారం ఏమిటో పరిశీలించడం అవసరం.

ముఖ్యమైన ఆధారం పారసీక చరిత్రలు. వాటిలో పేరుపొందిన ఫిరిష్తా గ్రంథం యుద్ధం జరిగిన సుమారు నలభై ఏళ్ళకు బీజాపూర్ ఆస్థానంలో రూపొందింది. సుల్తాను చేసిన యుద్ధాన్ని ‘గజా’ అనడం, ఎదిరిని ‘కాఫిర్’ అనడం నాటి ఆస్థాన రచనకు అలవాటైన శైలి. ఆ శైలిని తొలగించి చూస్తే, అదే గ్రంథంలోని సంఘటనలు మరో కథ చెబుతాయి.

గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా తన అన్న జంషీద్‌కు భయపడి పారిపోయినప్పుడు ఆశ్రయమిచ్చింది విజయనగరమే. 1543 నుండి 1550 వరకు ఏడేళ్ళు ఆయన అక్కడి ఉప్పు తిన్నాడు. బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్‌షా, రామరాయల కుమారుడు మరణించినప్పుడు స్వయంగా విజయనగరం వెళ్ళి పరామర్శించాడు. రామరాయల భార్య ఆయనను కొడుకుగా భావించిందని ఫిరిష్తాయే వ్రాశాడు. అహ్మద్‌నగర్‌పై రామరాయలు దండెత్తినప్పుడు ఆయన పక్కన నిలిచింది ఈ ఆదిల్‌షాయే. ఆ దండయాత్రలో మసీదులకు అపచారం జరిగిందన్న ఆరోపణను ఫిరిష్తా రామరాయల సేనపై మోపాడు. అది నిజమైతే, ఆ సేన వెంట నడిచిన సుల్తానుకు దానిలో భాగం లేదా?

సుల్తానులు ఏకమైనది కూడా రాజకీయ ఒప్పందాలతోనే. అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా తన కుమార్తె చాంద్‌బీబీని ఆదిల్‌షాకిచ్చి, షోలాపూర్ కోటను కట్నంగా ఇచ్చాడు. విజయనగర సైన్యంలో ముస్లిం సేనానులు, సిపాయీలు ఎందరో ఉండేవారు. రెండవ దేవరాయల సేవకుడు అహ్మద్ ఖాన్ 1439లో ఆ నగరంలో కట్టించిన ప్రార్థనాస్థలం హంపీలో నేటికీ ఉంది.

రాజధాని ఒక్కరోజు యుద్ధంతో పతనమైనా, దాని పొరుగు సీమలు అంత సులభంగా చేతులు మారలేదు. దీనికి పల్నాడే సాక్ష్యం. నేటి పల్నాడు జిల్లాలోని కొండవీడు, వినుకొండ, బెల్లంకొండ దుర్గాలు తళ్ళికోట తరువాత కూడా చాలాకాలం పెనుకొండ రాయల కిందనే ఉన్నాయి. గెలిచిన సుల్తానులు తమలో తాము కలహించుకోవడమే దీనికి ప్రధాన కారణం. పదిహేనేళ్ళకు, ఇబ్రహీం చివరి రోజుల్లో, 1580 నాటికి గోల్కొండ సేనలు కొండవీటిని పట్టుకున్నాయి. దానికి ముర్తజానగర్ అనే పేరు వచ్చింది. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గనులు గోల్కొండకు దేశదేశాల కీర్తి తెచ్చాయి. పదిహేడవ శతాబ్దంలో ఆ గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని వ్రాశాడు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. ఇదే కొండవీటిని 1515 జూన్ 23న కృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకున్నాడు. అది హిందూరాజు హిందూరాజు నుండి తీసుకున్న కోట. 1580లో అది ముస్లిం సుల్తాను చేతికి వచ్చింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో ముస్లిం సుల్తాను నుండి ముస్లిం చక్రవర్తికి పోయింది. తళ్ళికోట ఇస్లాం విజయమైతే, 1687 ఎవరి విజయం? తళ్ళికోటలో గెలిచిన అహ్మద్‌నగర్ 1600లోను, బీజాపూర్ 1686లోను ఆ మొగలుల చేతిలోనే పడిపోయాయి. మూడుసార్లూ కోటను కోరింది రాజ్యమే కాని ధర్మం కాదు.

ఇబ్రహీం మరో పని కూడా చేశాడు. విజయనగరంలో ఉండగా అలవడిన తెలుగును ఆయన మరువలేదు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. రాజధానిని కూల్చిన సేనలో ఉన్నవాడే ఆ రాజధానిలో నేర్చిన భాషను ఆదరించాడు.

ఈ రెండు పనులను ఒకే త్రాసులో తూచడం చరిత్ర చదివేవారి బాధ్యత. శత్రువు పట్లనైనా న్యాయం తప్పరాదని ఇస్లాం ఆదేశిస్తుంది. కొల్లగొట్టిన నగరం ముస్లింలకు గర్వకారణం కానేరదు. సుల్తానుల దోపిడీకి ఇస్లాం జవాబుదారీ కూడా కాదు. కొండవీటి కొండపై శిథిలమైన బురుజులను చూసేవారు అక్కడ ఏ మతం గెలిచిందని కాక, ఆ గెలుపుల కింద నలిగిన రైతు ఎవరని అడిగితే చరిత్రకు దగ్గరవుతారు.